నక్క చెవి

నీళ్ళ ఆఫీసు డిపోలో పొద్దున హాజరు పిలిచేటప్పుడు మేస్త్రీ అందరినీ ఇంటిపేర్లతోనే పిలుస్తాడు. ఒకే పేరున్నవాళ్ళు నలుగురైదుగురు ఉండడంతో ఎప్పుడో మొదలైన పద్ధతి అది. మిగతా ఇంటిపేర్లు పిలిచినప్పుడు ఎవరూ తల ఎత్తి చూడరు. "నక్క" అన్నప్పుడు మాత్రం, కొత్తగా చేరినవాడెవడైనా ఉంటే, కిసుక్కున నవ్వుతాడు. ఆ నవ్వు కోసం మేస్త్రీ ఒక్క క్షణం ఆగుతాడు కూడా. నక్క "ఉన్నాను" అని, మూలన ఆనించిన తన చువ్వ తీసుకుని బయటికి నడుస్తాడు.

ఆ చువ్వే అతని ఉద్యోగం. ఛాతీ ఎత్తు ఉక్కు చువ్వ, పై కొసకి అరచేతి వెడల్పున ఒక నున్నటి చెక్క బిళ్ళ. చువ్వ మొనని నేల కింద గొట్టం మీదో వాల్వు మీదో ఆనించి, బిళ్ళకి చెవి పెట్టి వినాలి. గొట్టం బాగుంటే నీళ్ళు చెప్పుకోదగ్గ మాటేమీ అనవు. ఎక్కడో చిల్లు పడితే సన్నగా ఈల వేస్తాయి. చిల్లు పెద్దదై చుట్టూ మట్టి నానితే, జలుబు చేసిన మనిషి గొంతులా గురగురమంటాయి. దగ్గరికి పోయేకొద్దీ శబ్దం చిక్కబడుతుంది. చిక్కబడిన చోట సుద్దముక్కతో ఒక సున్నా చుట్టి వచ్చేస్తే అతని పని అయిపోయినట్టే. మర్నాడు తవ్వేవాళ్ళ ముఠా వచ్చి సరిగ్గా ఆ సున్నాలో గునపం దించుతుంది. సున్నా తప్పితే వీధంతా తవ్విపోసి, పోయే వచ్చే ప్రతివాడి చేతా తిట్లు తినాలి. అతని సున్నా తప్పిందని అంతవరకూ ఎవరూ అనలేదు. "నక్క చెవి పెడితే నీళ్ళు పడాల్సిందే" అనేది ముఠాలో వాడుక మాట. ఉద్యోగంలో అతను సంపాదించుకున్నదంతా ఆ ఒక్క మాటే.

వినడానికి ఊరు సద్దుమణిగి ఉండాలి. అందుకని అతను తెల్లవారుతుండగా బయల్దేరతాడు. మోటారు బళ్ళు మొదలయ్యేలోగా నాలుగైదు వీధులు వినేయాలి. షాపుల షట్టర్ల ముందు, ఆసుపత్రి గోడ పక్కన, బస్సులు ఇంకా కదలని బస్టాండు చివర, ఒక మనిషి కర్ర మీద తల వాల్చి కళ్ళు మూసుకుని నిలబడి ఉంటాడు. నిలబడి నిద్రపోతున్నాడనుకునేవాళ్ళూ ఉన్నారు. ఒకసారి ఒక పెద్దావిడ ఒంట్లో బాలేదేమోనని వచ్చి భుజం తట్టింది. "వింటున్నానమ్మా" అన్నాడు. "ఏం వింటున్నావు నాయనా, ఇక్కడెవరూ లేందే" అంది ఆవిడ.

అతను ఉండేది ఒక ఇస్త్రీ కొట్టు మీద, రెండు గదుల వాటాలో. భార్య పోయి ఆరేళ్ళు దాటింది. పిల్లల్లేరు. ఆవిడ కోపం వచ్చినా సరదా వచ్చినా "ఏమండీ నక్కగారూ" అని పిలిచేది. ఆ ఇంటిపేరు చివర గారు అని చేర్చిన మనిషి లోకంలో ఆవిడ ఒక్కతే. ఆవిడ పోయాక ఆ వాటాలో మాటన్నది లేదు. చెవి మాత్రం ఊరుకోదు కదా. వంటింటి గోడలో పైకి పోయే నీళ్ళ గొట్టం ఉంది. దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే పై అంతస్తుల సంగతులన్నీ తెలిసిపోతాయి. పైవాటా ముసలాయన ముందు లేస్తాడు, కుళాయి సగమే తిప్పుతాడు. ఆ పైన ఉండే పిల్ల స్నానాల గదిలో నీళ్ళు వదిలేసి చాలాసేపు వేరే ఏదో చేస్తుంది, బహుశా ఏడుస్తుంది. వాళ్ళెవరికీ ఇతను ఎవరో తెలియదు. మెట్ల మీద ఎదురుపడితే తప్పుకుంటారు.

ఆ ఇంటిపేరు ఎలా వచ్చిందో వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు. తండ్రిని అడిగితే ఆయన మనసు ఎలా ఉందన్నదాన్ని బట్టి మూడు కథల్లో ఒకటి చెప్పేవాడు. బాగున్నరోజున, పూర్వం మనవాళ్ళు ఒక రాజుకి సలహాలు చెప్పేవారు, ఆ తెలివికి ఇచ్చిన బిరుదు అనేవాడు. మామూలు రోజున, అడవి పక్కన ఉండేవాళ్ళం, అంతే అనేవాడు. చిరాకులో ఉంటే, "ఎవడో ఎక్కడో ఏదో కక్కుర్తి పడి ఉంటాడు, పోయి చదువుకో" అనేవాడు. బళ్ళో హాజరు వేళ వెనక బెంచీలు ఊళ పెట్టేవి. తమ్ముడు ఊళ పెట్టినవాడి మీద పడి కొట్టి, తనూ దెబ్బలు తిని వచ్చేవాడు. ఇతను కొట్టలేదు, ఏడవలేదు. ఊళ అయ్యేదాకా ఆగి "ఉన్నాను" అనేవాడు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన ఖాకీ చొక్కాలాగే ఆ పేరునీ వేసుకు తిరిగాడు. కొలత తనది కాదు, కానీ ఇచ్చారు కాబట్టి వేసుకోవాలి.

తమ్ముడు ఊరుకోలేదు. పెద్దయ్యాక బీమా ఏజెంటయ్యాడు. "నక్క అనేవాడొచ్చి, మీ డబ్బు నా దగ్గర భద్రంగా ఉంటుందంటే ఎవడు నమ్ముతాడు అన్నయ్యా? తలుపు తీసి పేరు వినగానే మొహంలో నవ్వు. ఆ నవ్వు అణుచుకోడానికి వాళ్ళు పడే పాట్లు చూస్తూ నేను కాయితాలు తియ్యాలి" అనేవాడు. పెళ్ళయిన కొత్తలోనే కోర్టు చుట్టూ తిరిగి తల్లి పుట్టింటి ఇంటిపేరుకి మారిపోయాడు. తర్వాత ఊరికి అటువైపు కొత్త కాలనీలో మేడ కట్టాడు. గేటు మీద ఇత్తడి అక్షరాల్లో ఆ పేరే. పిల్లలు పుట్టాక వాళ్ళకీ ఆ పేరే. పాతది ఒకటుండేదని వాళ్ళకి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. పెదనాన్నని పెదనాన్నా అంటారు గానీ ఇంటిపేరు పెట్టి ఎవరు పిలుస్తారు.

ఇతనికి ఉద్యోగం ఇంకో ఏడాది ఉందనగా తమ్ముడు వాటాకి వచ్చాడు. మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా గదులు రెండూ చూశాడు. చూడడానికి అట్టే సేపు పట్టలేదు.

"ఈ కొట్టు మీద ఒక్కడివే ఎన్నాళ్ళుంటావన్నయ్యా. రేప్పొద్దున జ్వరమొస్తే మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు. మా పై గది ఖాళీగా ఉంది. నువ్వొచ్చెయ్."

ఇతను కుర్చీ తెచ్చి తమ్ముడి ముందు వేశాడు. ఎవరైనా ఈ మాట అంటారేమోనని ఆరేళ్ళుగా చూస్తున్నాడు.

"మీ మరదలే అంది ముందు. నేను కాదు" అన్నాడు తమ్ముడు. తర్వాత కిటికీలోంచి కిందికి చూస్తూ, "ఒక్క చిన్న పనుంది. మా ఇంటిపేరుకి నువ్వూ మారిపోవాలి" అన్నాడు.

"మీ ఇంటిపేరా?"

"అదే, అమ్మవాళ్ళది. కాయితాల పనంతా నేను చూసుకుంటా, నువ్వు సంతకం పెడితే చాలు. అక్కడ అందరికీ అదే తెలుసు. పిల్లలక్కూడా. రేపు నీ పెన్షను కాయితం వస్తుంది, పోస్టువాడు గేటు దగ్గర నిలబడి 'ఇక్కడ నక్క ఎవరండీ' అని అరిచాడనుకో. అన్నదమ్ములకి రెండు ఇంటిపేర్లేమిటని అడిగితే ఏం చెప్పను?"

"ఎవరడుగుతార్రా."

"అడుగుతారు. నీకు తెలీదు. నువ్వు గొట్టాలతో మాట్లాడతావు, నేను మనుషులతో మాట్లాడాలి."

ఆదివారం భోజనానికి రమ్మని, అప్పటికి ఏదో ఒకటి చెప్పమని తమ్ముడు వెళ్ళిపోయాడు. ఇతను ఆ రాత్రే మనసులో సరే అనేసుకున్నాడు. ఎవరో ఇచ్చిన చొక్కా విప్పి ఇంకెవరో ఇచ్చింది వేసుకోవడమేగా అనుకున్నాడు. మంచం ఎటువైపు వేసుకోవాలో కూడా ఆలోచించాడు. కింద వంటింట్లో గిన్నెల చప్పుడు, పిల్లలు మెట్ల మీద దబదబా దిగడం, మరదలు ఎవరినో కేకలెయ్యడం, ఇవన్నీ గోడలోంచి కాకుండా గాలిలోంచి వినబడతాయి.

మర్నాడు తెల్లవారుజామున అతని వంతు పాత నీళ్ళ తొట్టెల ఆవరణలో పడింది. ఊరి చివర, కొత్త ట్యాంకు కట్టాక వదిలేసిన చోటు. తొట్టెలు ఎండిపోయి మోకాలెత్తు గడ్డి మొలిచింది. మధ్యలో సిమెంటు బాట, బాట కింద ఇప్పటికీ పనిచేసే గొట్టం ఒకటి. అతను చువ్వ ఆనించి విన్నాడు. మెత్తగా, తడిగా ఏదో శబ్దం. చెవి అక్కడే ఉంది గానీ మనిషి తమ్ముడి పై గదిలో ఉన్నాడు. మట్టి నానింది అనుకుని, ఇటూ అటూ రెండుచోట్ల విని, బాట మీద సున్నా చుట్టి వచ్చేశాడు.

సాయంత్రం టీ పెట్టుకుంటుండగా గుర్తొచ్చింది. ఆ శబ్దం ఆగి ఆగి వచ్చింది. చిల్లులోంచి పోయే నీళ్ళు మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవు. ఆ పనిలో చేరిన మొదటి వారంలో నేర్పే సంగతి అది.

ముఠా వచ్చేది బాగా పొద్దెక్కాక. అతను తెల్లవారేసరికల్లా ఆవరణ గోడ దగ్గరికి చేరాడు. తన సున్నాని తనే అనుమానించి మళ్ళీ వినడానికి రావడం అతనికి అదే మొదలు. గేటు సందులోంచి లోపలికి అడుగు పెట్టబోయి ఆగిపోయాడు.

గడ్డిలో ఒక నక్క ఉంది.

బొమ్మల్లో చూసినంత ఎర్రగా లేదు. మాసిన గోనెసంచి రంగు, సన్నటి కాళ్ళు, పాలిచ్చే తల్లిలా కిందికి సాగిన పొట్ట. అది ఇతణ్ణి చూడలేదు. దేన్నీ చూడడం లేదు. తలని ఒక పక్కకి వంచి, చెవిని నేల వైపు తిప్పి, ముందుకాలు ఒకటి గాల్లో ఉంచి అలాగే నిలబడిపోయింది. నేల కింద ఏదో కదులుతోంది, అది దాన్ని వింటోంది. తల కొంచెం ఇటు తిప్పింది, కొంచెం అటు. శబ్దం చిక్కబడే చోటు వెతుకుతోందని అతనికి చెప్పకుండానే తెలిసింది. రోజూ తను చేసేది అదే. తర్వాత ఒక్క గెంతు గెంతి, ముక్కు గడ్డిలో గుచ్చి, ఎలుకని నోట కరుచుకుని లేచింది. బాట పక్క కట్టలో, ఎప్పుడో తీసేయకుండా వదిలేసిన పాత ఇనుప గొట్టం నోరు తెరుచుకుని ఉంది. అందులోకి దూరిపోయింది.

అతను మెల్లగా వెళ్ళి సున్నా మధ్యలో చువ్వ ఆనించాడు. ఆ పాత గొట్టం, పనిచేసే గొట్టానికి ఆనుకుని పోతుంది. రెండూ ఇనుమే, ఒకదాని మాట ఇంకొకదానికి అందుతుంది. నిన్నటి శబ్దమే. మెత్తగా, తడిగా, ఆగి ఆగి. ఇప్పుడు మనిషి కూడా చెవితోపాటే ఉన్నాడు కాబట్టి తెలిసింది. పిల్లలు పాలు తాగుతున్నాయి. ఒకటి మధ్యలో వదిలి కుయ్యిమంది. తల్లి కదిలింది. మళ్ళీ మొదలైంది.

చాలాసేపు విన్నాడు. ఎడమ పక్కకి వాల్చిన తల, కొంచెం వంగిన మోకాలు. తనెలా నిలబడి ఉన్నాడో తనకి తెలియడం అదే మొదటిసారి, ఎందుకంటే అప్పుడే ఆ నక్కలో తనని బయటినుంచి చూశాడు. ఎప్పుడో వెనకటి తాతల్లో ఒకడు ఇలాగే నిలబడి ఉంటాడనిపించింది. నేలకి చెవి ఒగ్గి, బావి తవ్వాల్సిన చోటు కోసమో, రాత్రిపూట వచ్చే అడుగుల చప్పుడు కోసమో. వాణ్ణి చూసి పక్కవాడెవడో ఆ మాట అని ఉంటాడు. ఎగతాళికి అన్నాడో మెచ్చి అన్నాడో ఎవడికి తెలుసు. తండ్రి చెప్పిన మూడు కథల పక్కన ఇది నాలుగోది. దీనికీ రుజువు లేదు. కానీ మొదటి మూడూ తండ్రివి, ఇది ఒక్కటే తనది.

బూటుకాలితో సున్నా చెరిపేశాడు. సుద్ద పూర్తిగా పోకపోతే సీసాలో నీళ్ళు పోసి చెరిపాడు.

ముఠా వచ్చేసరికి గేటు బయట రాయి మీద కూర్చుని ఉన్నాడు.

"సున్నా ఎక్కడయ్యా?" అన్నాడు ముఠా పెద్ద.

"చెరిపేశాను. తప్పు విన్నాను."

ముఠా పెద్ద భుజం మీంచి గునపం దించాడు. "ఏదీ, ఇంకోసారి అను."

"తప్పు విన్నాను. ఇక్కడ తవ్వేదేం లేదు."

"ఒరేయ్, అందరూ ఇటు రండి. నక్క తప్పు విన్నాడట. పొద్దున లేచి ఎవడి మొహం చూశానో గానీ చెమట పట్టకుండా బయటపడ్డాం."

"మొహమేం ఖర్మ, తోకే తొక్కుంటావు. ఎదురుగా కూర్చున్నాడుగా" అన్నాడు వెనకనుంచి ఒకడు.

అందరూ నవ్వారు. ఇతనూ కొంచెం నవ్వాడు. లోపల నక్క పిల్లలున్నాయని ఒక్క మాట చెబితే తన చెవికి మచ్చ రాకుండా పోయేది. ఆ మాట చెప్పిన మరుక్షణం పదిమందీ కర్రలు పట్టుకుని గొట్టం దగ్గరికి పోయేవారు. చెప్పలేదు.

డిపోలో మేస్త్రీ నవ్వలేదు. "చెవి చూపించుకో. ఏడాదిలో దిగిపోయేవాడివి, నీకేం. రేపు నడిరోడ్డు మీద తప్పు సున్నా పెడితే మాట పడేది నేను" అన్నాడు. మర్నాటినుంచి ఇతను సున్నా పెట్టిన చోటికి ఇంకొకణ్ణి పంపి మళ్ళీ వినిపించడం మొదలుపెట్టాడు. ఆ రెండోవాడు ప్రతిసారీ వచ్చి "సరిగానే ఉంది" అని చెప్పేవాడు. అయినా పంపడం మానలేదు.

ఆదివారం తమ్ముడింట్లో భోజనాలయ్యాక ఇద్దరూ పై గదికి ఎక్కారు. మరదలు అప్పటికే గది తయారు చేసి ఉంచింది. మంచం, కొత్త పరదా, గోడకి చొక్కాలు తగిలించుకునే కొక్కేలు. కింద పిల్లలు దేనికో పోట్లాడుకుంటున్నారు. అతను మంచం మీద కూర్చుని వింటూ ఉండిపోయాడు.

"కాయితాలు రాయించి ఉంచాను" అన్నాడు తమ్ముడు.

"వద్దురా."

"ఏం వద్దు?"

"పేరు మారను. ఈ పేరుతో ఉండనిస్తే ఇవాళే వస్తాను. లేకపోతే లేదు."

తమ్ముడు కాసేపు అతని మొహంలోకి చూశాడు, ఎప్పుడూ లేంది ఈయనకి ఇదేం పట్టుదల అన్నట్టు. "ఇన్నేళ్ళూ ఒక్కరోజైనా ఆ పేరు నీకు ఇష్టంగా ఉందా? నిజం చెప్పు."

"లేదు."

"మరి ఇప్పుడేమొచ్చింది?"

చెప్పడానికి ప్రయత్నించాడు. తొట్టెల ఆవరణలో నక్కని చూశానన్నాడు. అది నేల దగ్గర తల ఎలా వంచిందో, కాలు ఎలా ఎత్తి ఉంచిందో తన తల వంచి చూపించాడు. "నాలాగే వింటుందిరా అది. అచ్చం నాలాగే."

"జంతువన్నాక వింటుందన్నయ్యా. కుక్క కూడా వింటుంది. దాని కోసం మమ్మల్నందర్నీ వదులుకుంటావా?"

"వదులుకోవడం లేదు. నువ్వే అడుగుతున్నావు, ఇది కావాలా అది కావాలా అని."

అంతలో తమ్ముడి కొడుకు తలుపు తోసుకుని వచ్చాడు. కాలేజీలో చదువుతున్నవాడు, తండ్రి కన్నా పొడుగు. "ఏంటి పెదనాన్నా, నక్క నక్క అని వినిపిస్తోంది?"

తమ్ముడు కదల్లేదు. కానీ అతని మెడ మీద నరం ఒకటి కొట్టుకోవడం ఇతనికి కనబడింది. బళ్ళో వెనక బెంచీలు ఊళ పెట్టినప్పుడు, లేచి కొట్టబోయే ముందు, అక్కడే కొట్టుకునేది.

"పని దగ్గర ఒకటి చూశాన్రా. పిల్లల్ని పెట్టింది. మీ నాన్నకి చెబుతున్నా" అన్నాడు.

"ఊళ్ళో నక్కలున్నాయా? ఫొటో తీశావా?"

"తియ్యలేదు."

కుర్రాడు పెదవి విరిచి దిగిపోయాడు. తమ్ముడు చేతిరుమాలు తీసి మొహం తుడుచుకుని, మంచానికి అటు కొసన కూర్చున్నాడు.

బస్సు దాకా తమ్ముడు కూడా నడిచాడు. దారిలో ఎదురైన ఒకాయన నమస్కారం పెట్టి, "వీరెవరు?" అన్నట్టు చూశాడు. "మా అన్నయ్య" అన్నాడు తమ్ముడు. ఆయన ఇంకేమీ అడగలేదు, దాటిపోయాడు. ఇద్దరూ అది గమనించారు.

"ఇంకోసారి ఆలోచించుకో" అన్నాడు తమ్ముడు బస్సు వస్తుంటే.

"నువ్వూ ఆలోచించుకో."

"నావల్ల కాదన్నయ్యా. ఇప్పుడు కాదు. వాళ్ళకి ఎక్కణ్ణుంచి చెప్పుకు రావాలో కూడా నాకు తెలీదు."

"నాకు తెలుసురా" అని ఇతను బస్సెక్కాడు.

రెండు నెలల తర్వాత మరదలు ఫోను చేసింది. కులాసా అడిగింది, చెవి చూపించుకున్నారా అని అడిగింది. మాట అటూ ఇటూ తిప్పి చివరికి, పై గది అద్దెకిచ్చేశామని చెప్పింది. కొత్తగా పెళ్ళయిన జంట, ఇద్దరూ ఉద్యోగస్తులు.

"మంచివాళ్ళేనా?" అన్నాడు.

"మంచివాళ్ళే బావగారూ. వాళ్ళ ఇంటిపేరు కూడా మంచి..." అని చెప్పబోయి ఆగింది. అటువైపు ఆవిడ ఊపిరి, వెనక ఎక్కడో ఎవరో మెట్లు దిగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించాయి. ఆవిడ ఫోను పెట్టేసేదాకా అతను చెవి తియ్యలేదు.